కదిరమ్మ ఇస్త్రీ పెట్టెతో చేసిన బోర్డు

బెంగళూరు కాటన్‌పేటలోని కదిరమ్మ ఇంట్లో రెండు ఇస్త్రీ పెట్టెలున్నాయి. ఒకటి పట్టు చీరలకు. రెండోదాని పిడికి ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంటుంది. దానితో బట్టలు ఇస్త్రీ చేయరు, సర్క్యూట్ బోర్డులు చేస్తారు. ఆదివారం పొద్దున ఆ పని నేర్చుకుందామని ఆమె మేడ మీదికి వచ్చేవాళ్లలో డిప్లొమా చదివే పిల్లలుంటారు, మిక్సీలు బాగుచేసేవాళ్లుంటారు, ఉద్యోగం విసుగెత్తిన సాఫ్ట్‌వేర్ వాళ్లూ ఉంటారు. ఆమె వాళ్లకు మొదట చెప్పేది కరెంటు గురించి కాదు. ఇస్త్రీ పెట్టె చక్రం ఎక్కడ నిలిచి ఉందో చూసుకోమంటుంది. తర్వాత చేతికి ఒక చిన్న అద్దం ఇస్తుంది.

ఈ రెండు జాగ్రత్తలూ ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇంటి మగ్గం పాత ఇనుముకు పోవడానికి సిద్ధమైన వారంలో, రెండు తప్పులు జరిగాక నేర్చుకుంది.

కదిరమ్మకు నలభై ఎనిమిదేళ్లు. పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ తాతల కాలంలో హిందూపురం వైపు నుంచి వచ్చి బెంగళూరు పేటల్లో మగ్గాలు పెట్టుకున్నవాళ్లే. ఎస్సెస్సెల్సీ అయ్యాక ఆమె మాత్రం మగ్గం వైపు వెళ్లలేదు. పీణ్య దగ్గర స్టెబిలైజర్లు తయారుచేసే కంపెనీలో సోల్డరింగ్ పనికి కుదిరింది. పెళ్లయింది, కూతురు అర్పిత పుట్టింది, కంపెనీలో ఆమె కూర్చునే స్టూలు మాత్రం మారలేదు. కంపెనీ అత్తిబెలెకు తరలితే అక్కడికీ బస్సెక్కి వెళ్లింది. అక్కడ ఓ రోజు సోల్డరింగ్ చేసే యంత్రం దిగింది. తొట్టి నిండా కరిగిన సీసం, దాని మీదుగా బోర్డులు జారిపోతుంటే పార్టుల కాళ్లన్నీ ఒక్క ఊపులో అతుక్కుంటున్నాయి. కదిరమ్మ దాన్ని కాసేపు నిలబడి చూసింది. బాగుందంది. తనకు రావాల్సిన డబ్బు తీసుకుని పని మానేసి ఇంటికొచ్చేసింది.

అప్పటినుంచి వీధిలో వాళ్ల ఎమర్జెన్సీ లైట్లు, ఎల్ఈడీ బల్బులు ఆమె వంటింటి గట్టు మీదికి చేరుతున్నాయి. బోర్డు మీది పార్టు పీకడంలో, కొత్తది అతకడంలో ఆమె చేతికి తిరుగులేదు. కానీ బోర్డు ఎలా తయారవుతుందో ఆమె ఎన్నడూ చూడలేదు. కంపెనీకి అవి అట్టపెట్టెల్లో తయారై వచ్చేవి.

భర్త నారాయణప్ప కింది అంతస్తులో పవర్‌లూమ్ మీద పట్టు చీరలు నేస్తాడు. ఒకప్పుడు అక్కడ నాలుగు మగ్గాలుండేవి. మిగిలింది ఒకటి. ఆ మగ్గం నెత్తిన ఒక ఇనప పెట్టె ఉంటుంది. చీర అంచులో మామిడి పిందె రావాలంటే ఏ దారం ఎప్పుడు లేవాలో ఆ పెట్టె చెబుతుంది. పూర్వం ఆ పని చిల్లులు పొడిచిన అట్టల దండ చేసేది. ఇప్పుడు పెట్టెలోని చిన్న మాగ్నెట్లు టకటకమంటూ చేస్తాయి.

ఏప్రిల్‌లో ఉరుముల వాన పడిన సాయంత్రం ఆ పెట్టెలోంచి పొగ వచ్చింది. మగ్గం ఆగింది. సగం నేసిన చీర అలాగే మగ్గం మీద ఉండిపోయింది.

పెట్టెల కంపెనీ తరఫున వాటిని బాగుచేసే భరత్ వచ్చి విప్పి చూశాడు. అరచేయంత గోధుమరంగు బోర్డు బయటికి తీశాడు. దాని మధ్యలో నల్లటి బొగ్గు మచ్చ.

"బ్రెయిన్ బాగుండాదక్కా. మాగ్నెట్లకు కరెంటు పంచే ఈ బోర్డే పోయింది. ఈ మోడల్ ఆపేసినారు, స్పేర్ రాదు. కొత్త పెట్టె పెట్టాల్సిందే."

"అతుకు వైర్లు వేస్తే?" అడిగింది కదిరమ్మ.

"బొగ్గయిన చోట కరెంటు పాకుతాదక్కా. మళ్లీ కాలుతాది."

"సరే, ఆ బోర్డు పారెయ్యొద్దు. ఇచ్చిపో."

"ఏం చేసుకుంటావు?"

"పక్కింటి ముగ్గు చూసి మన వాకిట్లో వేసుకోమా? దీన్ని చూసి ఇంగొకటి చేసుకుంటా."

భరత్ నవ్వలేదు. "చేతనైతే చెయ్యక్కా. ఇంట్లో చేసేవాళ్లు ఉండారు, నేను ఎప్పుడూ చేసింది లేదు" అని, స్క్రూలన్నీ ఒక కవర్లో వేసిచ్చి వెళ్లాడు.

నారాయణప్ప వాళ్లన్న పెద్దమునియప్ప మేడ మీద వాటాలో ఉంటాడు. ఆ ఇంటి లెక్కలు, తగువులు, తాళాలు ఆయన చేతిలోనివే. మొండి మనిషే కానీ చెడ్డవాడు కాదు. నడవని వస్తువు ఇంట్లో ఉంటే ఆయన ఓర్చుకోలేడు. అయితే వాకిట్లో ఆయన సొంత స్కూటరు నడవక ఎన్నేళ్లయిందో ఎవరూ అడగకూడదు. మగ్గం ఆగిన మూడో రోజుకే ఆయన కిందికి దిగివచ్చాడు.

"ఏమప్పా నారాయణా, పాత ఇనుము కొనే గుజరీ అంగడాయనకు మాటిచ్చేసినాను. సోమవారం పొద్దున టెంపో వస్తాది. పెట్టెతో సహా మగ్గం ఎత్తుకుపోతారు. ప్లాస్టిక్ సామాన్లాయనకు గోడౌన్ కావాలంట."

నారాయణప్ప మగ్గం మీది సగం చీర మీద గుడ్డ కప్పాడు.

"నువ్వేం దిగులుపడాల్సింది లేదు. కుందలహళ్ళిలో అపార్ట్‌మెంటు గేటు కాడ నీకు పని చెప్పిపెట్టినా. కూర్చునే పని. ఫ్యాను కూడా ఉండాది."

"నాకు ఫ్యాను గాలి పడదన్నా" అన్నాడు నారాయణప్ప. అంతకంటే గట్టిగా అన్నకు ఎదురు చెప్పడం ఆయనకు చేతకాదు.

కదిరమ్మ వంటింట్లోంచి వచ్చింది. "బావా, టెంపో వచ్చేలోపల మగ్గం ఆడితే?"

"ఎట్లాడతాది? కంపెనీవాడే కాదన్నె."

"ఆడితే ఏమంటున్నా."

"ఆడితే టెంపోను నా చేత్తో నేనే వెనక్కి పంపిస్తా. ఆడకపోతే తాళం నువ్వే తెరిచి ఇయ్యాల. సరేనా?"

"సరే బావా."

ఆయన మెట్లెక్కి పోయాక నారాయణప్ప భార్య వైపు చూశాడు. "ఏమే కదిరీ, నీకు బోర్డు చేసేది వస్తాదా?"

"రాదు."

"మల్ల?"

"నేర్చుకుంటే వస్తాది."

అర్పిత కుందలహళ్ళి టెక్ పార్కులో ఉద్యోగం చేస్తుంది. ఆమె ఫోన్లో వీడియోలు వెతికి పెట్టింది. పద్ధతి కదిరమ్మకు త్వరగానే అర్థమైంది. రాగి రేకు అంటించిన బోర్డు ఒకటి కొనాలి. కరెంటు నడవాల్సిన దారులను నల్లటి గీతలుగా నున్నటి కాగితం మీద లేజర్ ప్రింటు తీయాలి. కాగితాన్ని రాగి మీద బోర్లించి ఇస్త్రీ పెట్టెతో నొక్కితే ఆ నలుపు కరిగి రాగికి అంటుకుంటుంది. తర్వాత బోర్డును ఫెర్రిక్ క్లోరైడు ద్రావణంలో ముంచాలి. నలుపు కింద దాక్కున్న రాగి మిగులుతుంది, మిగతా రాగినంతా ద్రావణం తినేస్తుంది. ఆ మిగిలినవే కరెంటు దారులు. పార్టుల కాళ్లు దూరడానికి సన్నటి రంధ్రాలు వేసి, రాగి వైపు సోల్డరింగ్ చేయాలి.

"ఇంతేనా?" అంది కదిరమ్మ.

"ఇంతే. కానీ ఫస్ట్ టైమ్ చేసినోళ్లందరికీ ఏదో ఒకటి పాడవుతుందంట, కామెంట్స్‌లో రాసినారు."

"పాడైతే ఏం చేయాలంట?"

"మళ్లీ చేయాలంట."

"మనకు మళ్లీ లేదు కదే" అంది కదిరమ్మ.

పాత బోర్డు మీది పార్టులన్నీ ఆమె ఒక్కటొక్కటే ఊడదీసి, ఎక్కడిదక్కడ గుర్తుండేలా ఒక థర్మోకోల్ ముక్కకు గుచ్చింది. ఇరవై ఏళ్లు చేసిన పని కాబట్టి అందులో తొందరపాటు లేదు. ఖాళీ అయిన బోర్డును రాగి వైపు స్కాన్ చేయించారు. అక్కడ చిక్కు వచ్చింది. బొగ్గయిన చోట దారులు లేవు. అక్కడ ఏమున్నదో చెప్పేవాళ్లూ లేరు.

అర్పిత ల్యాప్‌టాప్‌లో ఆ బొమ్మను పెద్దది చేసి చూస్తుంటే నారాయణప్ప వెనక నిలబడి చూశాడు. పై నుంచి కింద దాకా వేలితో లెక్కపెట్టాడు.

"ఇదేంది, అంచు మాదిరి ఉండాదే. ఒకటే డిజైను బుట్టా, కిందికీ కిందికీ అదే వచ్చింది చూడు. ఒక్కో మాగ్నెట్టుకు ఒక్కో బుట్టా. మధ్యలో మూడు కాలిపోయినాయి, అంతే. పైనుండే దాన్ని తెచ్చి కింద పెట్టు."

అర్పిత బాగున్న వరసను కాపీ చేసి కాలిన చోట్లలో అతికించింది. గీతల కొసలు పైవాటికీ కిందివాటికీ సరిగ్గా కలిశాయి. కదిరమ్మ పాత బోర్డును వెలుతురుకు పట్టి, మిగిలిన గుర్తులతో సరిచూసుకుని తలూపింది. "నాన్నా, సూపర్" అంది అర్పిత. నారాయణప్ప ఆ మాటకు పొంగిపోయాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

శనివారం కదిరమ్మ ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్.పి. రోడ్డుకు వెళ్లింది. ఆ కొలతకు సరిపడే రాగి బోర్డు అంగట్లో ఒక్కటే ఉంది. దానితోపాటు ఫెర్రిక్ క్లోరైడు, సన్నటి డ్రిల్లు ముక్కలు, కాలిపోయినవాటి బదులు కొత్త ట్రాన్సిస్టర్లు కొంది. ఈలోగా ఇంట్లో అర్పిత బొమ్మను కంప్యూటర్‌లో కుడి ఎడమలు తారుమారు చేసి సిద్ధంగా ఉంచింది. కాగితాన్ని బోర్లించి అద్దుతారు కాబట్టి బొమ్మ ఒకసారి తిరగబడుతుంది. ముందే తిప్పి ప్రింటు వేస్తేనే రాగి మీద సరిగ్గా పడుతుంది. అలా తిప్పిన బొమ్మను పెన్‌డ్రైవులో పెట్టి తండ్రికిచ్చి, జిరాక్స్ అంగడికి పంపి, తన పనిమీద తాను వెళ్లింది. నారాయణప్ప నున్నటి కాగితం మీద ప్రింటు తెచ్చి జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

కదిరమ్మ రాగిని పాత్రలు తోమే పీచుతో మెరిసేదాకా రుద్దింది. వేలు తగలకుండా అంచులు పట్టుకుంది. కాగితం బోర్లించి ఇస్త్రీ పెట్టె నొక్కింది. చాలాసేపు నొక్కాక నీళ్లలో వేసి కాగితం తీస్తే, రాగి మీద ఒక్క గీత లేదు. నలుపంతా కాగితంతోపాటే వచ్చేసింది.

"రాగి మురికిగా ఉండాదేమో" అన్నాడు నారాయణప్ప.

"నీ ముఖం కనిపిస్తాంది దాంట్లో. మురికా?"

ఇస్త్రీ పెట్టె మీద చేయి ఆనించబోయి ఆగింది. చక్రం చూసింది. అది సిల్క్ దగ్గర ఉంది. పట్టు చీరల ఇల్లు. ఆ పెట్టె కొన్నప్పటినుంచి చక్రం అక్కడే నిలిచి ఉంది. దాన్ని ఇంకెక్కడికైనా తిప్పొచ్చని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

కదిరమ్మకు నవ్వొచ్చింది. "ఇంతసేపూ రాగికి పట్టు చీర వేడి పెడితి కదయ్యా!"

చక్రం చివరికంటా తిప్పింది. జిరాక్స్ అంగడివాళ్లు ఒకే కాగితం మీద రెండు బొమ్మలు వేసి ఇచ్చారు కాబట్టి రెండోది మిగిలి ఉంది. ఈసారి నలుపు కరిగి పట్టింది. నీళ్లలో నానిన కాగితాన్ని వేలితో రుద్ది తీస్తుంటే ఒక్కో గీత బయటపడింది. తెగినచోట పర్మనెంట్ మార్కరుతో దిద్దింది.

ఆదివారం పొద్దున మేడ మీద, గాలి ఆడే చోట ద్రావణం కలిపారు. చేతులకు గ్లవుజులు వేసుకుని కదిరమ్మ పిలిచింది, "ఏమయ్యా, గిన్నె తే." నారాయణప్ప మెరిసే స్టీలు గిన్నె తెచ్చాడు.

"అయ్యో, స్టీలుది బేడప్పా, వద్దు! రాగినే తినేది, నీ గిన్నెను వదుల్తాదా? ఆ ప్లాస్టిక్ డబ్బా తే."

ఎర్రటి కాఫీ డికాక్షన్ లాంటి ద్రావణంలో బోర్డు వేసి డబ్బాను మెల్లగా ఊపుతూ కూర్చుంది. పెద్దమునియప్ప బట్టలారేసే నెపంతో వచ్చి తొంగి చూశాడు.

"ఏందమ్మా అది, రసమా?"

"మీకు వడ్డించేది కాదు బావా."

ఆయన పోలేదు. మొదట అంచుల్లో రాగి కరిగింది. తర్వాత మధ్యలోకి పాకింది. చివరికి నల్లటి గీతలు మాత్రం నిలిచాయి. కదిరమ్మ బోర్డు కడిగి, థిన్నరు గుడ్డతో నలుపు తుడిచింది. దాని కింద రాగి దారులు కొత్త నగలా మెరిశాయి. పెద్దమునియప్ప తడి పంచె విదిలించుకుని పోయాడు.

మధ్యాహ్నం కదిరమ్మ రంధ్రాలన్నీ వేసి మొదటి చిప్పు కూర్చోబెట్టబోయింది. ఏ కొస ఎటు రావాలో చెప్పే దాని గాటు ఉండాల్సిన వైపు లేదు. బోర్డు తిప్పి చూసింది. మాగ్నెట్ల వైర్లు వచ్చి తగులుకునే కనెక్టరు ఎడమన ఉండాలి, కుడిన ఉంది. పాత బోర్డు తెచ్చి రెండింటినీ రాగి వైపు పైకి పెట్టి పక్కపక్కన ఉంచింది. కవల పిల్లల్లా ఒకేలా ఉండాల్సినవి కుడి చెప్పు, ఎడమ చెప్పులా ఉన్నాయి.

"అర్పితా, నువ్వు బొమ్మ తిప్పినావా లేదా?"

"తిప్పితినే అమ్మా! ఫైల్ చూడు, తిప్పే ఉండాది."

నారాయణప్ప జేబులోంచి పెన్‌డ్రైవు తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను కూడా తిప్పించినా."

"ఏమి?"

"జిరాక్స్ అంగట్లో ఆ అమ్మాయితో, తిప్పి ప్రింటు వెయ్యమ్మా అని చెప్తి. డిజైను కాగితం యాడికి తీసుకుపోయినా అట్లే కదా చెప్పేది మనం?"

పట్టు చీర ఆ మగ్గం మీద ముఖం కిందికి పెట్టే తయారవుతుంది. నేసేవాడికి కనిపించేది వెనక వైపే. డిజైను ఎవరిచ్చినా దాన్ని తిప్పి వేయించుకోవడం ఆ ఇంట్లో తాతల కాలం నాటి అలవాటు. అర్పిత ఒకసారి తిప్పింది, తండ్రి రెండోసారి తిప్పించాడు. రెండుసార్లు తిప్పితే మొదటికే వచ్చింది. ఇస్త్రీ చేసినప్పుడు అది రాగి మీద తిరగబడి పడింది.

"నాన్నా! నిన్ను ఎవరు తిప్పమన్నారు?"

"ఎవరు చెప్పాల? నువ్వు తిప్పినావని నాకెవరు చెప్పిరి?"

ఆదివారం. ఎస్.పి. రోడ్డు అంగళ్లు మూసి ఉంటాయి. ఇంకో రాగి బోర్డు రేపు అంగళ్లు తెరిస్తే గానీ దొరకదు. టెంపో అంతకంటే ముందే వస్తుంది. కదిరమ్మ డ్రిల్లు పక్కన పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది.

"పోనీలే" అన్నాడు నారాయణప్ప. "గేటు కాడ ఫ్యాను ఉండాదంట కదా."

"నోరు మూసుకో" అంది కదిరమ్మ.

ఆయన కిందికి వెళ్లాడు. కాసేపటికి మగ్గం కింద పెట్టుకునే అద్దం పట్టుకుని వచ్చాడు. నేసేటప్పుడు చీర ముఖం ఎలా వస్తోందో చూడాలంటే వంగి ఆ అద్దంలోకే చూస్తారు. తాను చేసిన తప్పు ఏ మేరకో కళ్లారా చూసుకోవాలనిపించింది కాబోలు, కొత్త బోర్డును అద్దానికి ఎదురుగా పట్టాడు. అద్దంలో కనిపించినదీ, బల్ల మీది పాత బోర్డూ గీతకు గీత ఒకటే.

"ఇదిగో, సరిగ్గానే ఉండాది. ముఖం అవతలికి పోయింది, అంతే. చీరైతే తిరగేసి కట్టుకుందురు."

కదిరమ్మ లేచి బోర్డు లాక్కుంది.

"ఏమంటివి?"

"ఏమంటి?"

"తిరగేసి కట్టుకుందురు అంటివి."

పార్టులు ఎప్పుడూ రాగి లేని వైపు నిలబడతాయి, కాళ్లు మాత్రం అవతలికి దూరి రాగిని తాకుతాయి. దారులు తిరగబడ్డాయి సరే, మరి పార్టులను కూడా రాగి వైపే నిలబెడితే? ఆమె చిప్పును రాగి వైపు పెట్టి చూసింది. గాటు ఉండాల్సిన వైపే ఉంది. కనెక్టరు పెట్టి చూసింది. ఎడమకు వచ్చింది. స్క్రూ రంధ్రాలు కూడా పెట్టెలోని స్క్రూలకు సరిపోయాయి.

"అమ్మా, అట్ల చేస్తారా ఎక్కడైనా?" అంది అర్పిత.

"మా కంపెనీలో అయితే దీన్ని చూస్తానే ఎర్ర డబ్బాలో పడేస్తుండిరి" అంది కదిరమ్మ. "ఇక్కడ ఎర్ర డబ్బా లేదు కదా."

కష్టం సోల్డరింగ్‌లో వచ్చింది. పార్టు ఏ వైపు కూర్చుంటే ఆ వైపే అతకాలి. సోల్డరింగ్ కడ్డీ మొన దూరే సందు ఉండదు. కదిరమ్మ ఒక్కో పార్టును రాగికి తగలకుండా ఎత్తుగా, కొంగ కాళ్ల మీద నిలబెట్టినట్టు నిలబెట్టి, పక్కనుంచి మొన దూర్చి అతికింది. సీసం ఎక్కువైతే పక్క దారికి అంటుకుంటుంది, తక్కువైతే పట్టదు. అత్తిబెలెలో ఆ యంత్రం ఈ పని చేయలేదు, పార్టులు పైనే ఉండి అడ్డం వస్తాయి. చేతులు మాత్రం చేయగలవు. నారాయణప్ప పక్కన కూర్చుని అద్దాన్ని అటూ ఇటూ వంచుతూ, చిప్పు కింద అతుకు పడిందో లేదో ఆమెకు చూపిస్తూ పోయాడు. పొద్దు వాలేసరికి పార్టులన్నీ కూర్చున్నాయి. చూడ్డానికి అది బోర్డులా లేదు, పందిట్లో చెప్పులు విడిచినట్టు ఉంది.

సోమవారం పొద్దున పాలవాడికంటే ముందు టెంపో వచ్చి వాకిట్లో నిలిచింది. గుజరీ అంగడాయన గొలుసులు, రెంచీలు దించుకున్నాడు. పెద్దమునియప్ప మెట్లు దిగివచ్చి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమమ్మా, తాళం?"

"తెరిచే ఉండాది బావా. రాండి లోపలికి."

కదిరమ్మ స్టూలెక్కి బోర్డును పెట్టెలో బిగించింది. నేరుగా కరెంటు ఇవ్వలేదు. మధ్యలో పాతకాలపు పెద్ద బల్బు ఒకటి కలిపింది. బోర్డులో ఎక్కడైనా దారులు ఒకదానికొకటి తగిలి ఉంటే కరెంటంతా బల్బులో వెలిగిపోతుంది, బోర్డు కాలదు. బల్బు గట్టిగా వెలిగిందంటే మాత్రం పందెం పోయినట్టే.

"అర్పితా, స్విచ్చి."

బల్బు ఒక్కసారి భగ్గుమంది. నారాయణప్ప కళ్లు మూసుకున్నాడు. బల్బు ఎర్రబడింది, మసకబడింది, ఆరిపోయినట్టయి సన్నటి తీగ మాత్రం మిగిలింది.

"కళ్లు తెరువు, దారులు ఎక్కడా తగల్లేదు" అంది కదిరమ్మ. బల్బు తీసేసి నేరుగా కరెంటు ఇచ్చింది. పెట్టెలో పరీక్ష మీట నొక్కింది. మాగ్నెట్లు వరసగా పలికాయి. టక్, టక్, టక్. మధ్యలో ఒకటి పలకలేదు. మళ్లీ టక్, టక్.

"ఒక పన్నూడింది" అన్నాడు పెద్దమునియప్ప.

"నోట్లో మిగతావి ఉండాయి కదా బావా, ఆగండి."

అద్దం పెట్టి చూసింది. ఒక ట్రాన్సిస్టరు కాలికి సీసం ఆనింది గానీ పట్టలేదు. కరెంటు ఆపి, కడ్డీ వేడిచేసి, ఒక్క చుక్క వేసింది. మళ్లీ మీట నొక్కింది. ఈసారి పై నుంచి కింద దాకా అన్నీ పలికాయి. గుజరీ అంగడాయన కూడా తలూపాడు.

నారాయణప్ప మగ్గం దగ్గర కూర్చున్నాడు. వానరోజు ఆగిపోయిన చోట దారాలు సర్దాడు. మోటారు వేశాడు. ముందు గది అదిరింది, తర్వాత షటిల్ పరుగెత్తింది. పైన పెట్టె టకటకమంది. దారాలు లేస్తున్నాయి, వాలుతున్నాయి. ఆయన కాసేపు అంచు వైపే చూడలేదు. చివరికి అద్దం తీసి చీర కింద పెట్టి వంగాడు. సగంలో ఆగిన మామిడి పిందె అద్దంలో పూర్తయి, దాని కింద రెండోది మొదలైంది. కాలిపోయిన మూడు వరసల చోట కూడా జరీ సరిగ్గా పడుతోంది.

"అన్నా, వచ్చి చూడు" అన్నాడు.

పెద్దమునియప్ప వంగలేక వంగి, అద్దంలోకి చూశాడు. ఇంకా వంగి చూశాడు. లేచి నడుం పట్టుకున్నాడు.

"కంపెనీవాడు కాదన్నాడే?"

"ఆ మోడల్ రాదన్నాడు బావా. ఇది వేరే మోడల్."

"ఇది యా మోడలమ్మా?"

"తిరగేసిన మోడల్" అన్నాడు నారాయణప్ప, మగ్గం ఆపకుండానే.

గుజరీ అంగడాయన గొలుసులు భుజానేసుకున్నాడు. "పెద్దాయనా, ఇంత దూరం టెంపో తోలుకొస్తి. ఖాళీగా పొమ్మంటారా?"

పెద్దమునియప్ప వాకిట్లోకి నడిచాడు. ఇచ్చిన మాట ఆయనకు గుర్తుంది. టెంపోను తన చేత్తోనే వెనక్కి పంపాలి. అటూ ఇటూ చూశాడు. గోడ వారన గోనెపట్టా కప్పుకుని ఆయన స్కూటరు ఉంది. చాలాసేపు దాని హ్యాండిలు మీద చేయి వేసి నిలబడ్డాడు. తర్వాత పట్టా లాగేశాడు.

"నడవని సామాను ఇంట్లో ఉండగూడదప్పా. దీన్ని ఎత్తుకో."

స్కూటరు టెంపో ఎక్కింది. ఆయన వెనక డోరు తానే మూసి, రెండుసార్లు తట్టి పంపించాడు. లోపలికి వచ్చి ఏదో చెప్పాడు. మగ్గం చప్పుడులో ఎవరికీ వినిపించలేదు. మళ్లీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"కదిరమ్మా, కాఫీ పెట్టమంటాండా! ఆ గోడౌన్ ఆయనకు ఫోన్ చేసి చెప్పాల, జాగా లేదని!"